మందబాట మీద అరుగు

మా ఊళ్ళో ఇల్లు కట్టుకోవడానికి పర్మిషన్ ఇచ్చేది పంచాయతీయే. తీర్మానం మాది, సంతకాలు మావి, ముద్ర మాది. కానీ మందబాట పక్కన కట్టే ఇంటి సంగతి వేరు. దానికి పర్మిషన్ ఇవ్వాల్సింది పశువులు. ఖమ్మంలో ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఆ పంచాయతీలో వార్డు మెంబరుగా కూర్చున్నదాన్ని నేను. నవ్వేవాళ్ళకు ఏం తెలుసు.

జూలూరుపాడు నుంచి లోపలికి వస్తే, తారురోడ్డు అయిపోయి అడవి మొదలయ్యేచోట ఉంటుంది మా ఊరు. రెండువేల ఆరో ఏడో, ఆ రోజుల్లో మా వార్డు ఆడవాళ్ళకు రిజర్వు అయింది. ఇంటర్ ఎప్పుడో పాసై, టీచర్ ట్రైనింగ్ సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను నేను. ఊరి పెద్దలు నలుగురు మా ఇంటికొచ్చి అమ్మను అడిగారు. నన్ను కాదు. అమ్మ చేట పక్కన పెట్టి, "దానికి నోరు మస్తున్నది. నాకు ఇంట్ల దానితోని పనిలేదు, మీకు పనికొస్తదంటే తీస్కపోండ్రి" అంది. అలా నన్ను పాత సామాను ఇచ్చినట్టు పంచాయతీకి ఇచ్చేసింది. పోటీ ఎవరూ పడలేదు.

మందబాట అంటే ఊరి పశువులన్నీ పొద్దున అడవికి పోయి సాయంత్రం తిరిగొచ్చే దారి. ఒకవైపు ఇళ్ళ స్థలాలు, రెండోవైపు ముళ్ళకంచె, కంచె అవతల మిరపచేను. దారి ఇరుకైతే పశువులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, బెదురుతాయి, కంచె తొక్కి చేలో పడతాయి. ఆ తర్వాత ఏడాదంతా తగాదాలే. అందుకని మా వాళ్ళు, ఎప్పటినుంచో తెలియదు, ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇల్లు ఎంత పెద్దదో అంత మేరా నేల మీద ముగ్గు పోయాలి. గోడలున్నచోట గీత, గుమ్మం ఉన్నచోట ఖాళీ. ఇంటామె ఆ గుమ్మంలో నిలబడాలి, ఎందుకంటే మనుషులున్న ఇంటి ముందు, లేని ఇంటి ముందు పశువులు ఒక్కతీరుగా నడవవట. సర్పంచ్, మెంబర్లు ఎదురుగా కంచె దగ్గర కూర్చోవాలి. మంద తిరిగొచ్చి ఆ ముగ్గు పక్కనుంచి పోవాలి. గీత చెరగకపోతే పర్మిషన్ వచ్చినట్టే. చెరిగితే గోడ వెనక్కి జరగాలి. దూడలు గీత తొక్కితే లెక్కలోకి రాదు, వాటికి బుద్ధి ఉండదు కాబట్టి. గంట కట్టిన ముందావు తొక్కితే మాత్రం ఇక మాట్లాడేదేమీ ఉండదు.

నేను మెంబరునైన కొత్తలో దీన్ని చూసి పంచాయతీ కార్యదర్శి సారు నెత్తి పట్టుకున్నాడు. ఆయనకు మా ఊరితోపాటు ఇంకా కొన్ని ఊళ్ళు ఇంచార్జి. ఎప్పుడు చూసినా బండి స్టాండు వేయకముందే పోదామనే తొందర. "ఇన్ని అడుగులు వదలాలని రూల్ ఉంది, టేపు పట్టి కొలుద్దాం, అయిపోతుంది కదా" అనేవాడు. మా సర్పంచ్ పెద్దమనిషి, మెల్లగా మాట్లాడతాడు. "కొలుద్దాం సారూ. కొల్చినంక గొడ్లు వచ్చేదాంక కూసుందాం. రూలు నీది, దారి వాటిది" అన్నాడు. సారు కూర్చున్నాడు. ఏం చేస్తాడు, ఎదురుగా సర్పంచ్ ఇంటి నుంచి చాయ్ వస్తూ ఉంది.

కొలవడానికి టేపు మా టైలర్ చాచాది. ఆయన కూడా మెంబరే. వాళ్ళ తాతల కాలం నుంచి ఊళ్ళో బట్టలు కుడుతున్న కుటుంబం. మెడలో వేసుకునే టేపుతోనే ఇళ్ళ స్థలాలు కొలిచేవాడు. కొలిచి కొలిచి, "జర లూజుగ పెట్టుకోండ్రి, పిల్లలు పెరుగుతరు" అనేవాడు. లాగు కుట్టినా అదే మాట, ఇంటికి ముగ్గు పోసినా అదే మాట.

ఇక మా ఇంటి సంగతి. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఆయన వాటాకు వచ్చిన స్థలం ఊరి చివర, సరిగ్గా మందబాట పక్కన ఉంది. దాంట్లో ఉన్న గుడిసె ఒక వానాకాలం కూలిపోతే, ఊరి మొదట్లో ఒక రేకుల గదిలో కిరాయికి చేరాం. ఆ గదికి ముందు వసారా లేదు, అరుగు లేదు. తలుపు తీస్తే నేరుగా బాటే. మా ఊళ్ళో ఆడవాళ్ళు సాయంత్రమైతే అరుగుల మీద చేరతారు. అడ్డాకులు ముందేసుకుని విస్తర్లు కుడతారు, చింతపండు గింజలు తీస్తారు, లోకంలో జరిగినవీ జరగనివీ మాట్లాడుకుంటారు. అమ్మ కూడా పోయేది. అయితే అమ్మ కూర్చునేది ఎప్పుడూ ఎవరిదో అరుగు. ఆ ఇంటి మగవాళ్ళు పని నుంచి రాగానే మర్యాదకు లేవాలి, ఒళ్ళో విస్తరి సగం కుట్టి ఉన్నా సరే. అమ్మ ఆకులు దులుపుకుని లేచి, "పోతన్న వదినె" అని చెప్పి వచ్చేసేది. ఇంటికొచ్చి ఆ సగం విస్తరిని దీపం దగ్గర పూర్తిచేసేది.

అమ్మ జీవితంలో ఏదీ పెద్దగా అడిగిన మనిషి కాదు. బంగారం అడగలేదు, టీవీ అడగలేదు. ఒక్కటే అనేది. "నాదంటూ ఒక అరుగు ఉండాలె. ఎవలొచ్చినా లేవకుండ కూసోవాలె."

మాకు ప్రభుత్వం ఇల్లు మంజూరైనప్పుడు అందరూ గదులెన్ని, స్లాబు ఎట్లా అని అడిగితే, అమ్మ అరుగు ఎంత వెడల్పు వస్తుందని అడిగింది. చాచా మా స్థలం కొలిచి, లోపల గది కాస్త తగ్గించుకుంటే ముందు మంచి అరుగు వస్తుందన్నాడు. తగ్గించమంది అమ్మ. "గదిల పండుకునుడే గద. పండుకుంటే మనిషికి ఎంత జాగ కావాలె" అంది.

అర్జీ పెట్టాం. మీటింగులో చదివారు. నా తల్లి అర్జీ కాబట్టి నేను మాట్లాడకూడదని కార్యదర్శి సారు అన్నాడు. మాట్లాడకుండా ఉండటం నాకు చేతనైన పని కాదు, అయినా పెదవులు బిగించుకుని కూర్చున్నాను. మంద చూసే రోజు పెట్టారు.

ఆ రోజు పొద్దున్నే అమ్మ నేల అలికింది. లేని ఇంటికి అలుకు ఏంటని నేను నవ్వితే పట్టించుకోలేదు. చాచా ముగ్గు పోశాడు. గది, వంటిల్లు, గుమ్మం, గుమ్మం ముందు అరుగు. అరుగు గీతను అమ్మ చెప్పిన దానికంటే ఇంకొంచెం బయటికే పోశాడు, లూజుగా. అమ్మ ముందు గుమ్మంలోంచే లోపలికి పోయింది. గీత దాటి పోవచ్చు కదా, పోలేదు. గది అంతా తిరిగి చూసి, మళ్ళీ గుమ్మంలోంచే వచ్చి, అరుగు మీద, అంటే ఆ ముగ్గు గీతల మధ్య మట్టి మీద, కాళ్ళు చాపుకుని కూర్చుంది. నా కళ్ళకు ఈరోజుకీ ఆ కూర్చోవడం కనిపిస్తుంది. నా దగ్గర అమ్మ ఫోటోలు నాలుగైదు ఉన్నాయి. ఏ ఫోటోలోనూ ఆ మొహం లేదు.

సాయంత్రం సర్పంచ్, మెంబర్లు వచ్చి కంచె దగ్గర కూర్చున్నారు. మిరపచేను రైతు కూడా వచ్చాడు. అతను చెడ్డవాడేమీ కాదు, చేను పోతుందని భయం. అమ్మను గుమ్మంలో నిలబడమన్నారు. నిలబడింది. కొంగు సవరించుకుంది. దూరంగా అడవిలోంచి గంట వినిపించింది, తర్వాత దుమ్ము లేచింది. ఆ దుమ్ములో గడ్డి వాసన, పాల వాసన, పేడ వాసన అన్నీ కలిసి ఉండేవి. ఇప్పుడు ఖమ్మంలో అపార్టుమెంటు బాల్కనీలో నిలబడి ఆ వాసన కోసం ముక్కు ఎగబీల్చి చూసుకునే మనిషిని ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు. అనుకోనీ.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ముందావు మాది కాదు, ఊళ్ళో వేరేవాళ్ళది. కానీ మా రేకుల గది ముందు అమ్మ ఒక గోలెంలో కుడితి పెట్టేది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, ఇంత తవుడు. రోజూ మందతో వస్తూ ఆ ఆవు మా తలుపు ముందు ఆగి, కుడితి తాగి, అమ్మ చేత గంగడోలు నిమిరించుకుని పోయేది. మాతో తెలుగులో మాట్లాడే అమ్మ, దానితో మాత్రం మా కోయ మాటలోనే మాట్లాడేది. మాతో మాట్లాడినదానికంటే మెత్తగా మాట్లాడేది. నాకు కొంచెం కుళ్ళుగా కూడా ఉండేది. పద్ధతి పెట్టిన పెద్దలకు గానీ, ముగ్గు పోసిన చాచాకు గానీ, నోరున్న నాకు గానీ, ఒక్కరికీ ఈ సంగతి ఆ రోజు తట్టలేదు.

మంద వచ్చింది. ముందావు కంచె వారనే బుద్ధిగా వస్తోంది. దారి సరిపోతోంది. చాచా నా వైపు చూసి కన్ను గీటాడు. అప్పుడు ఆ ఆవు తల తిప్పి గుమ్మంలో నిలబడ్డ అమ్మను చూసింది.

ఆగింది. నేరుగా అమ్మ దగ్గరికి నడిచింది. అరుగు గీత తొక్కి, అరుగు మధ్యలోంచి వచ్చి, అమ్మ చేతుల్లో మూతి పెట్టింది. కుడితి ఏదని అడిగినట్టు చేతులు నాకింది. ముందావు ఎటు పోతే మంద అటే కదా. వెనకున్నవన్నీ మా ఇంట్లోకి వచ్చేశాయి. కొన్ని గదిలో నిలబడ్డాయి, ఒక ఎద్దు వంటింట్లో పేడ వేసింది. ముగ్గు గీత ఒక్కటి మిగల్లేదు.

అందరూ ఒక్కసారిగా నవ్వారు. నేను నవ్వలేదు. నేను అమ్మనే చూస్తున్నాను. ఆవు తల తిప్పినప్పుడు అమ్మ ఒక్క చెయ్యి ఎత్తితే చాలు, ఒక్క మాట అదిలిస్తే చాలు, అది పక్కకు పోయేది. అమ్మ మాట వింటుంది అది. అమ్మ చెయ్యి ఎత్తింది కూడా. ఎత్తిన చెయ్యిని దాని నుదుటి మీద పెట్టింది.

మంద పోయాక వాదన మొదలైంది. చాచా లేచి, "గిది లెక్కల పట్టొద్దు. దారి సాలక రాలే అది, అక్క కోసం వచ్చింది" అన్నాడు. మిరపచేను రైతు ఒప్పుకోలేదు. "ఇవ్వాల అక్క కోసం వచ్చింది. రేపు అరుగు కట్టినంక రాదా? అది అరుగు కాడ ఆగుతది, ఎనకవన్ని నా చేన్ల పడతయ్. నేనెవలికి చెప్పుకోవాలె?" అన్నాడు. అతను చెప్పిందాంట్లో తప్పులేదు, అదే నాకు మండింది. కార్యదర్శి సారు, "టేపు లెక్క ప్రకారం అరుగు కట్టుకోవచ్చు" అన్నాడు. మొదటిసారి ఆయన మా వైపు మాట్లాడాడు. ఎవరూ వినలేదు.

చివరికి సర్పంచ్ నా వైపు తిరిగి, "నీ వార్డు బిడ్డా. అమ్మ అని కాదు, మెంబరుగ చెప్పు. ఏంజేద్దాం?" అన్నాడు.

ఇన్నాళ్ళు మాట్లాడొద్దంటే నోరు పీకింది. మాట్లాడమనగానే ఎటువైపు మాట్లాడాలో తెలియలేదు. రైతుది న్యాయమని చెబితే అమ్మ అరుగు పోతుంది. కాదంటే, రేపు ఇంకొకరి ఇంటి ముందు కూర్చుని తీర్పు చెప్పే మొహం నాకుండదు. నేను తడబడుతుంటే అమ్మే అంది, మట్టిలో గిట్టల గుర్తులు చూస్తూ.

"దాన్నెందుకు అడుగుతరన్నా. ఎనక్కి జరపుండ్రి. అరుగు లేకుంటనే రాయిండ్రి."

అరుగు లేకుండానే రాశారు. తీర్మానం కింద వరసలో నా సంతకం కూడా పెట్టాను. కలం నీళ్ళలో ముంచి రాసినట్టు అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి.

ఇంటికి వస్తూ దారంతా అమ్మతో పోట్లాడాను. "ఒక్క మాట అంటే పోయేది గదనే. ఇన్నేండ్ల సంది అరుగు అరుగు అని ప్రాణం తీస్తివి. ఆవుకు ఒక్క మాట చెప్పకపోతివి" అన్నాను. అమ్మ రేకుల గది ముందు ఆగి గోలెంలో కుడితి పోసింది. ఆ రోజు ఆలస్యమైంది కదా, ఆవు అక్కడ నిలబడే ఉంది. "అంత మందిల నన్నే సూస్కొని వచ్చింది. దాన్ని పో అని ఎట్లంటనే" అంది. నేను ఆ రాత్రి అన్నం తినలేదు. అమ్మ తింది, హాయిగా.

ఇల్లు కట్టాం. మంచి ఇల్లే. గుమ్మం దాటితే మెట్టు, మెట్టు దాటితే బాట. గడప మీద కూర్చోకూడదు, మెట్టు మీద చోటు చాలదు. అమ్మ ఒక గోనెసంచి పట్టుకొచ్చి, సరిగ్గా అరుగు ఉండాల్సిన చోట బాట మీదే పరుచుకుంది. అక్కడే కూర్చుని విస్తర్లు కుట్టేది. వదినలు, అక్కలు, చాచా భార్య, అందరూ తలా ఒక సంచి తెచ్చుకుని అక్కడికే చేరారు. సాయంత్రం గంట వినబడగానే అమ్మ సంచి మడిచి లేచేది. అందరినీ లేపేది. ఆవు ఆగి కుడితి తాగి పోయేది, మంద పోయేది, మళ్ళీ సంచులు పరుచుకునేవాళ్ళు. "లేవకుండ కూసోవాలంటివి. ఇప్పుడు గొడ్లకు గూడ లేస్తున్నవ్" అని ఏడిపించేదాన్ని. "మనుషులకు లేచినదాన్ని, వాటికి లేస్తే ఏంబోయింది" అనేది. ఆ మాట అంటున్నప్పుడు అమ్మకు ఏ లోటూ ఉన్నట్టు కనిపించేది కాదు. ఆ సాయంత్రాలు అలాగే ఉండిపోతాయని నేను అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, ఉండిపోకపోవడమనేది ఒకటుంటుందని నాకు తట్టనేలేదు.

అవి మెల్లగా పోయాయి. అడవిలో మేతకు పోయేచోట కొత్తగా మొక్కలు పెట్టి కందకం తవ్వారు. ఊళ్ళోకి ట్రాక్టర్లు వచ్చాయి, ఎద్దులు అమ్ముకున్నారు. ఆవులను ఎవరింటి దగ్గర వాళ్ళు కట్టేసుకోవడం మొదలుపెట్టారు. పశువుల కాపరి కూలి పనికి పాల్వంచ వైపు పోయాడు. ముందావు ముసలిదై ఒక ఎండాకాలంలో చచ్చిపోయింది. అమ్మ పోయి దాని కొమ్ములకు పసుపు పెట్టి వచ్చింది. మందబాట మీద సిమెంటు రోడ్డు వేశాం. ఆ తీర్మానం కింద కూడా నా సంతకం ఉంది.

నా పదవి అయిపోయే ముందు చాచాయే గుర్తుచేశాడు. "మెంబరమ్మా, ఇప్పుడు మందెక్కడిది? అక్కకు అరుగు కట్టుడానికి ఏం అడ్డం?" అన్నాడు. అర్జీ నేనే రాశాను. అమ్మ వద్దనలేదు, కావాలనీ అనలేదు.

చాచా మళ్ళీ టేపుతో వచ్చాడు. సిమెంటు రోడ్డు అంచున అరుగుకు ముగ్గు పోశాడు. ఈసారి వచ్చిన కార్యదర్శి కొత్తాయన. అభ్యంతరం ఏమీ లేదని అక్కడికక్కడే చెప్పాడు. ఇక లేచి పోవచ్చు. కానీ సర్పంచ్ లేవలేదు, ఒకప్పుడు కంచె ఉన్న చోట కూర్చునే ఉన్నాడు. మేమూ కూర్చున్నాం. అమ్మ పాత పద్ధతి ప్రకారం గుమ్మంలో నిలబడింది. పొద్దు వాలింది. ఒక ట్రాక్టరు పోయింది, తర్వాత పాల డబ్బాల బండి ఒకటి పోయింది. అడవి వైపు ఏమీ కదల్లేదు. సర్పంచ్ ముగ్గు వైపు చూసి, "గీత చెరగలే. రాసుకోండ్రి" అన్నాడు. పర్మిషన్ వచ్చిన మీటింగు నుంచి అంత దిగులుగా అందరూ ఇంటికి పోవడం నేను అదొక్కసారే చూశాను.

అరుగు కట్టాం. నున్నగా గచ్చు చేయించాను. అమ్మ దాని మీద కూర్చుంది, కాళ్ళు చాపుకుని, విస్తర్లు ముందేసుకుని. ఎవరొచ్చినా లేవాల్సిన పనిలేదు. సర్పంచ్ వచ్చినా కూర్చునే మాట్లాడేది. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

కానీ సాయంత్రం ఆ వేళకు, చేతిలో ఆకు ఉంటే ఉన్నట్టే పక్కన పెట్టి, అమ్మ లేచేది. అరుగు దిగి, గోడ వారగా జరిగి, దారి ఇచ్చి నిలబడేది. సిమెంటు రోడ్డు అడవి దాకా ఖాళీగా ఉండేది. కాసేపు నిలబడి మళ్ళీ వచ్చి కూర్చునేది. మొదట్లో, "ఎవలొస్తున్నరని లేస్తున్నవే" అని అడిగాను. "ఏమో, కాళ్ళు ఊకుంటలేవు" అంది. తర్వాత నేను అడగలేదు. ఉన్నన్నాళ్ళూ అమ్మ రోజూ లేచింది, తన సొంత అరుగు మీద నుంచి.

అమ్మ పోయాక నేను ఊరికి పోయినప్పుడల్లా ఆ అరుగు మీద కూర్చుంటాను. పొద్దు వాలుతుంది. అమ్మ లేచే వేళ అవుతుంది. నేను కదలను. ఇప్పుడు గోడ వారగా జరిగి నిలబడే మనిషి లేదు, దారి ఇవ్వడానికి వచ్చేవీ లేవు. ఎవరూ నన్ను లేవమనరు. చీకటి పడేదాకా అలాగే కూర్చుని, గంట వినబడుతుందేమోనని అడవి వైపు చూస్తుంటాను.